మైనారిటీ అన్న మాట ఫీజు రసీదులోనూ కనబడాలి

మన బడి బోర్డు మీద 'భాషా అల్పసంఖ్యాక విద్యాలయం' అని ఉంది. తమిళనాడులో చాలా ప్రైవేటు కాలేజీల బోర్డుల మీద, పేపరు ప్రకటనల్లో 'తెలుగు మైనారిటీ సంస్థ' అని ఉంటుంది. రెండు చోట్లా మాట ఒకటే. కానీ ఆ మాట వల్ల లాభం ఎవరికి అని అడిగినవాళ్ళు మనలో తక్కువ. నేను అడుగుతున్నాను. మైనారిటీ అన్న పేరుతో కాలేజీ యాజమాన్యానికి సీట్లు దక్కుతున్నాయి. తెలుగులో చదువుకున్న పిల్లవాడికి ఆ పేరు మీద ఒక్క రూపాయి ఫీజు తగ్గడం లేదు. ఇది న్యాయం కాదు. ఇట్లాగే సాగనివ్వకూడదు అని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను. అమ్మానాన్నలు, అయ్యవార్లు కాస్త ఓపికగా చదవండి.

ముందు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. రాజ్యాంగం 30వ అధికరణం మతంలోగానీ భాషలోగానీ తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. భాషా మైనారిటీ ఎవరన్నది దేశం లెక్కన కాదు, రాష్ట్రం లెక్కన చూడాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందుకే ఆంధ్రలో మైనారిటీ కాని తెలుగువాడు ఇక్కడ మైనారిటీ అవుతాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత అటు గీశారు, మన తాతలు ఇటు మిగిలారు. గీతకు ఇవతల మిగిలినవాళ్ళు తమ భాష పోగొట్టుకోకూడదని ఇచ్చిన హక్కు ఇది. ఇచ్చింది జనానికి. ఏ ట్రస్టుకో, ఏ కుటుంబానికో రాసిచ్చిన పట్టా కాదు.

ఇక్కడే మన ఇళ్ళల్లో ఒక పెద్ద పొరపాటు నడుస్తోంది. "మనం మైనారిటీయే గదా, మైనారిటీ స్కాలర్‌షిప్పు వస్తుందిలే" అని చాలామంది అనుకుంటారు. రాదు. కేంద్ర ప్రభుత్వం మైనారిటీల పేరుతో పెట్టిన పోస్ట్ మెట్రిక్, మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్పులు మత మైనారిటీలవి. ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014 నుంచి జైనులు, ఈ ఆరుగురికే అవి. భాషా మైనారిటీకి అందులో చోటు లేదు. ఆ ఆరుగురికీ ఇవ్వకూడదని నేను అనడం లేదు. వాళ్ళకు అందాల్సింది వాళ్ళకు అందాలి. 'మైనారిటీ' అన్న ఒకే మాట రెండు అర్థాల్లో తిరుగుతోంది కాబట్టి మనవాళ్ళు రాని దానికోసం ఎదురు చూస్తూ రావాల్సినవి వదులుకుంటున్నారు.

పోనీ ఆంధ్ర వైపు చూద్దామా? అక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అది ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకు. మన రేషన్ కార్డు ఇక్కడిది, మన ఓటు ఇక్కడిది. చిత్తూరులో ఉన్న మేనత్త కొడుక్కి వచ్చింది మనకు రాదు. అది తప్పు కూడా కాదు. మనం పన్ను కట్టేది ఇక్కడ, అడగాల్సిందీ ఇక్కడే.

ఇప్పుడు కాలేజీల సంగతి. తమిళనాడులో మైనారిటీ కాని ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ 100 సీట్లలో 65 ప్రభుత్వ కౌన్సెలింగుకు వదలాలి. 35 తన చేతిలో పెట్టుకోవచ్చు. మైనారిటీ కాలేజీ అయితే 50 వదిలితే చాలు, 50 తన దగ్గర ఉంచుకోవచ్చు. అంటే మైనారిటీ అన్న ఒక్క మాట వల్ల ప్రతి 100 సీట్లకు 15 సీట్లు అదనంగా యాజమాన్యం చేతికి వస్తాయి. దీనికి తోడు 2005లో వచ్చిన 93వ సవరణ ప్రకారం ప్రైవేటు కాలేజీల్లో రిజర్వేషన్లు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, మైనారిటీ సంస్థలను అందులోంచి తప్పించారు. తెలుగు పేరు చెప్పుకుంటే వచ్చే లాభాలివి. తెలుగుకు ఇంత విలువ ఉందని మన తెలుగు పీరియడ్‌లో కూడా మాకు ఎవరూ చెప్పలేదు!

ఆ 15 సీట్ల విలువ ఎంత? 2017లో ఫీజు కమిటీ ఎక్రిడిటేషన్ లేని ఇంజనీరింగు కోర్సుకు ప్రభుత్వ కోటాలో ఏడాదికి 50 వేలు, మేనేజ్‌మెంట్ కోటాలో 85 వేలు అని కట్టింది. ఆ లెక్కే పట్టుకుందాం. ఒక్కో సీటుకు తేడా 35 వేలు. 15 సీట్లకు ఏడాదికి 5 లక్షల 25 వేలు. మొదటి ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా కలిపితే 60 మంది, 21 లక్షలు. ఇది 100 సీట్లకు మాత్రమే. ఒక కాలేజీలో ఎన్ని వందల సీట్లుంటే అన్ని రెట్లు వేసుకోండి. ఇదంతా మన భాష పేరు మీద వచ్చిన డబ్బు. ఇందులో మన భాష చదివిన పిల్లలకు ఎంత చేరింది? ఏ కాలేజీ నోటీసు బోర్డు మీద ఈ లెక్క పెట్టారో నాకు చూపించండి.

ఇంకో సంగతి దీనికంటే బాధాకరం. 'మైనారిటీ కోటాలో సీటు ఇప్పిస్తాం' అని ఏజెంట్లు వేసవిలో మన వీధుల్లోకి వస్తారు. "మనవాళ్ళ కాలేజీ నాయనా, మన భాష, మన మనుషులు" అంటారు. మార్కులు రాకముందే అడ్వాన్సు అడుగుతారు. అమ్మానాన్నలు మనవాళ్ళు గదా అని కట్టేస్తారు. ఆ ఒక్క సంతకంతో ఏం పోతుందో వాళ్ళు చెప్పరు.

తమిళనాడులో 2010-11 నుంచి ఫస్ట్ గ్రాడ్యుయేట్ రాయితీ ఉంది. ఇంట్లో అంతకుముందు డిగ్రీ చదివినవాళ్ళు ఎవరూ లేకపోతే ఇంజనీరింగు వంటి వృత్తి కోర్సుల్లో ట్యూషన్ ఫీజు తగ్గిస్తారు. ఇంజనీరింగులో అది ఏడాదికి 25 వేల దాకా ఉంటుంది. దానికి కులం అడ్డు రాదు, ఆదాయం అడ్డు రాదు, భాష అడ్డు రాదు. ఒకే షరతు, సీటు ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా రావాలి. మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే ఆ రాయితీ లేదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు కూడా మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు వర్తించదు.

ఇప్పుడు కూడిక, తీసివేత చేద్దాం. కౌన్సెలింగులో సీటు తీసుకున్న మొదటి తరం విద్యార్థి 50 వేలలో 25 వేలు తీసేస్తే 25 వేలు కట్టాలి. అదే పిల్లవాడు 'మనవాళ్ళ కోటా'లో చేరితే 85 వేలు కట్టాలి. ఏడాదికి 60 వేలు తేడా. నాలుగేళ్ళకు 2 లక్షల 40 వేలు. హాస్టలు, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇందులో కలపలేదు. పరాయివాళ్ళ దారిలో పోతే 25 వేలు, మనవాళ్ళ దారిలో పోతే 85 వేలు! మనవాళ్ళు అన్న మాటకు ఇంత ధర పెట్టింది ఎవరు?

దీనికి యాజమాన్యాల వాళ్ళు చెప్పే జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, "మేం ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోలేదు, సొంత డబ్బుతో కట్టాం, ఫీజు ఎట్లా తగ్గిస్తాం?" కట్టింది మీ డబ్బుతోనే, కాదనను. మీరు కట్టిన గోడల వల్ల మీకు 35 సీట్లు ఉన్నాయి. మిగతా 15 గోడల వల్ల రాలేదు. తెలుగు మాట్లాడే కూలివాళ్ళు, చేనేతవాళ్ళు, రైతులు, చిన్న చిన్న అంగళ్ళవాళ్ళు ఈ రాష్ట్రంలో ఉన్నారు కాబట్టి వచ్చాయి. వాళ్ళు లేకపోతే మీరు మైనారిటీ సంస్థ కారు. కాబట్టి ఆ 15లో వాళ్ళ పిల్లలకు వాటా ఉంది.

రెండోది, "తెలుగు మీడియం పిల్లలు మా దగ్గరకు రావడం లేదు." ఎట్లా వస్తారు? మీ ప్రకటన ఏ తెలుగు బడి గోడ మీద అంటించారు? మీ కాలేజీవాళ్ళు ఏ తెలుగు బడికి వచ్చి ప్లస్ టూ పిల్లలతో మాట్లాడారు? వచ్చినా 85 వేలు అంటే మేము వాకిట్లో నుంచే తిరిగి పోవాలి గదా.

మూడోది, "పేదరికానికి భాష ఏంటి? ప్రభుత్వం కులం, ఆదాయం చూసి సాయం చేస్తూనే ఉంది." ఈ మాటలో సగం నిజం ఉంది. కులం వల్ల కలిగిన నష్టానికి ఇచ్చే సాయం వేరు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కానీ పేదరికానికి భాష లేకపోతే సీట్లకు మాత్రం భాష ఎందుకు వచ్చింది? సీట్లు తీసుకునేటప్పుడు తెలుగు, ఫీజు తగ్గించేటప్పుడు మాత్రం అందరూ సమానం అంటే మేము ఒప్పుకోము.

తెలుగు మాట్లాడే పేదలు ఎవరో కూడా చెప్పుకోవాలి. మన సంఘాల సభల్లో ముందు వరసలో కూర్చునే తెలుగువాళ్ళు కొందరే. చెన్నైలో, కోయంబత్తూరులో, ఇంకా ఎన్నో ఊళ్ళలో తెల్లవారకముందే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళు బయట తమిళం, ఇంట్లో తెలుగు. వాళ్ళ పిల్లలు కాలేజీకి పోతే చాలా ఇళ్ళలో వాళ్ళే మొదటి పట్టభద్రులు. 'తెలుగు మైనారిటీ' అనగానే మనకు వీళ్ళు గుర్తుకు రాకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మన పెద్దలకు సాయం చేయడం తెలియక కాదు. వెనకటి రోజుల్లో పేద పిల్లలు 'వారాలు' చెప్పుకుని చదువుకున్నారని మన తెలుగు వాచకాల్లో, పెద్దల జీవిత కథల్లో చదువుతాం. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఏడిళ్ళ తల్లులు కలిసి ఒక పిల్లవాణ్ణి చదివించేవాళ్ళు. ఆ వారాలు అన్ని కులాల పిల్లలకూ దొరకలేదు, అది ఆ పద్ధతిలోని పెద్ద లోపం. అయినా అందులో ఒక నీతి ఉంది. ఒక్కరు మోయలేని బరువును ఏడుగురు పంచుకున్నారు. మదరాసులో ఆయుర్వేద మందులు అమ్మి సంపాదించిన డాక్టర్ కె.ఎన్. కేసరి ఆ డబ్బుతో ఇక్కడ తెలుగు బడిని నిలబెట్టారు. ఆయన తెలుగు పేరు మీద డబ్బు తీసుకోలేదు, తెలుగు పిల్లల కోసం డబ్బు పెట్టారు. మనం అడిగేది కొత్త ధర్మం కాదు, పాత ధర్మమే, ఈసారి అందరికీ.

ప్రభుత్వాన్ని కూడా ఒక మాట అడగాలి. 2022 సెప్టెంబరు 5న మొదలైన పుదుమై పెణ్ పథకం కింద ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 దాకా చదివిన ఆడపిల్లలకు కాలేజీలో నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. 2024 ఆగస్టులో మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పథకం వచ్చింది. చాలా మంచి పథకాలు ఇవి. నెలకు 1000 అంటే బస్సు చార్జీ, నోటు పుస్తకాలు గడిచిపోతాయి. ఎయిడెడ్ బడి పిల్లలకు కూడా ఇస్తామన్నారు, కానీ 'తమిళ మాధ్యమంలో చదివినవాళ్ళకు' అని షరతు పెట్టారు. ఆ షరతులో ఉన్న మాట ప్రకారం చూస్తే, ప్రభుత్వ బడిలో తెలుగు మాధ్యమం చదివిన పిల్ల లోపల ఉంది, ఎయిడెడ్ బడిలో అదే తెలుగు మాధ్యమం, అవే పుస్తకాలు చదివిన పిల్ల బయట ఉంది. తమిళ మాధ్యమాన్ని ప్రోత్సహించాలనే ఉద్దేశం నాకు అర్థమవుతుంది. అమ్మ భాషలో చదివినవాళ్ళకు అండగా ఉండాలన్నదే దాని వెనక ఉన్న ఆలోచన అయితే, మాది కూడా అమ్మ భాషే. 'తమిళం లేదా అల్పసంఖ్యాక భాషా మాధ్యమం' అని మూడు మాటలు చేర్చితే చాలు. మేము తమిళం వద్దనేవాళ్ళం కాము. తమిళం మా వీధి భాష, మా స్నేహితుల భాష. పక్కింటి పిల్లవాడికి ఇచ్చేది తగ్గించమని కాదు, మా పంక్తిలో కూడా ఒక ఆకు వేయమని అడుగుతున్నాం.

చివరగా అప్పు గురించి. కాలేజీలవాళ్ళు, బ్యాంకులవాళ్ళు వచ్చి 'ఆర్థిక సాయం' అని చెప్పేది చాలాసార్లు విద్యా రుణం. అప్పును అప్పు అనే పిలవాలి. తిరిగి కట్టాల్సినదాన్ని సాయం అనకూడదు. అప్పు అవసరమైనప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరకు పోవడం కంటే బ్యాంకు మేలే. 4 లక్షల దాకా బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకూడదన్నది విద్యా రుణాల నియమం. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే చదువుకునే కాలానికీ, ఆ తర్వాత ఒక ఏడాదికీ వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. గుర్తింపు పొందిన కోర్సు, కాలేజీ అయి ఉండాలి. ఇవి తెలుసుకోండి. కానీ 25 వేలతో అయ్యే చదువుకు 85 వేల సీటు అంటగట్టి, దానికి అప్పు ఇప్పించి, 'సాయం చేశాం' అని ఫోటో దిగేవాళ్ళను మాత్రం నమ్మకండి.

అయితే ఏం చేయాలి? నా కోరికలు నాలుగు.

ఒకటి, 'తెలుగు మైనారిటీ' అని చెప్పుకునే ప్రతి కాలేజీ ప్రతి 100లో ఆ 15 అదనపు సీట్లను ప్రభుత్వ కోటా ఫీజుకే ఇవ్వాలి. బడిలో తెలుగు మాధ్యమంగా గానీ తెలుగు ఒక భాషగా గానీ చదివిన పేద పిల్లలకు ముందు ఇవ్వాలి. ఎంతమందికి ఇచ్చారో పేర్లు లేకుండా అంకెలు మాత్రం బోర్డు మీద పెట్టాలి.

రెండు, మన తెలుగు సంఘాలు ఈ విషయం అడగాలి. రాజ్యాంగం 350-బి అధికరణం కింద భాషా మైనారిటీలకు ఒక ప్రత్యేక అధికారి ఉన్నారు. ఆయన నివేదిక రాష్ట్రపతికి పోతుంది. సన్మానాలకు, ఉగాది కవి సమ్మేళనాలకు రాసే ఉత్తరాలతో పాటు ఆయనకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ ఒక వినతిపత్రం రాయండి.

మూడు, మన బడిలో అర్ధసంవత్సరం పరీక్షలు అయిన వెంటనే ప్లస్ టూ పిల్లల తల్లిదండ్రులతో ఒక సమావేశం పెట్టాలి. ఆదాయ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్, ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఈ-సేవై సెంటర్లో ముందే పెట్టుకోవాలని చెప్పాలి. బ్యాంకు ఖాతా పిల్లల పేరు మీద ఉందా, ఆధార్‌తో కలిపారా అని చూడాలి. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఒకటి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఉంటుంది. ప్లస్ టూలో 80 పర్సెంటైల్ పైన ఉండి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్ళకు డిగ్రీలో మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000 ఇస్తారు. దేశం మొత్తం మీద ఏడాదికి 82,000 మందికి, అందులో సగం ఆడపిల్లలకు. దానికి భాష అడ్డు లేదు. 80 పర్సెంటైల్ అంటే 80 మార్కులు కాదు, 100 మందిలో పైనున్న 20 మందిలో ఉండడం. ఈ తేడా తెలియక అప్లై చేయకుండా ఉండిపోకూడదు.

నాలుగు, అమ్మానాన్నలకు. కౌన్సెలింగు అయ్యేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ఎంత మంచి తెలుగులో మాట్లాడినా ఇవ్వకండి. సీటు ఏ కోటాలోది, రసీదు ఎంతకు ఇస్తారు, ఫస్ట్ గ్రాడ్యుయేట్ రాయితీ వస్తుందా అన్న మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ కాగితం మీద జవాబు ఇవ్వనివాళ్ళు మనవాళ్ళు కారు.

వచ్చే ఏడు మా క్లాసువాళ్ళం కౌన్సెలింగుకు పోతాం. మా మార్కు లిస్టుల్లో తెలుగు అని ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ మాట చూసి "తెలుగు చదివి ఏం చేస్తారు?" అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు మేము తిరిగి అడుగుతాం. మా తెలుగుతో మీరు ఏం చేశారు? ఎన్ని సీట్లు తీసుకున్నారు? ఎంతమంది మా పిల్లలను చదివించారు? జవాబు చెప్పేదాకా అడుగుతూనే ఉంటాం.